కారులో మన సీటు

భర్త నడపు కారునే తామును నడపు సోదరీమణులు కొందఱు, ఆయన యమర్చుకొన్న సీటును కదల్చుటకు సంకోచించి, మునివ్రేళ్లతో బ్రేకు నందుకొనుచు, మెడ నిక్కించి బాట చూచుచుండుట మేమెఱుఁగుదుము. ఇది వినయము కాదు, ప్రమాదహేతువు.

ఇప్పుడు పెక్కు కార్లలో సీటును జరుపుటకు విద్యుత్తుతో నడచు మోటారు లున్నవి. 1955 మోడలుగా అమెరికాలో వెలువడిన ఫోర్డు థండర్‌బర్డు కారులోనే ఇట్టి సీటుండెను. ప్రక్కనున్న మీటను నొక్కినచో చిన్న మోటారు మరచుట్లుగల కడ్డీని త్రిప్పును. సీటు మెల్లగా జరుగును. మీట విడిచినచో నచ్చటనే నిలుచును.

పొట్టివారు ముందు సీటును పైకెత్తుకొని, పిమ్మట బ్రేకును పూర్తిగా నొక్కఁగలుగునంత దగ్గఱకు జరుపుకొనవలయును. అయినను ఱొమ్మునకును స్టీరింగు నడిమికిని 10 అంగుళముల యెడముండవలెను. ఏలయన, ప్రమాదవేళ ఎయిర్‌బ్యాగు ఒక్కుమ్మడి నుబ్బి, మరీ దగ్గఱనున్నవారిని గాయపఱచును. యెడము చాలనిచో వీపు ఆనించు భాగమును కొంచెము వెనుకకు వాల్పవలెను. ఇదంతయు బండి కదలకమునుపే చేయవలయును.

కొన్ని కార్లలో ఇరువురి యమరికలను వేర్వేఱుగా జ్ఞాపకముంచు మీటలును గలవు. అవి లేకున్నను, తిరిగి జరుపుకొనుటకు ఆయనకుఁ బట్టునది కొన్ని క్షణములే. సీటు మనకమరవలెను గాని, సీటునకు మనము కాదు.