ఆటల పీరియడు

సాయంకాలమున చెడుగుడు బరిలో నాలుగు కూతలు పెట్టి వచ్చి, చెమటతో తడిసి గట్టుమీద కూలబడిన పదేండ్ల బాలుని ఱొమ్ముపై అరచేయి యుంచి చూడుడు. మొదట గుండె చేతిని తన్నుచున్నదా యన్నట్లు కొట్టుకొనును. కొంతసేపటికి ఆ వేగము తగ్గి, ఊపిరి నిదానించి, బాలుడు మరల బరిలోనికి ఉఱుకును. పరుగువేళ గుండెను అదలించిన నాడులు వెనుకకు తగ్గగా, మెదడు అడుగుభాగమునుండి మెడమీదుగా గుండెకు దిగివచ్చు వేగస్ నాడి పగ్గములు చేపట్టుటచేతనే ఆ నెమ్మది కలిగినది. ఈ తరుముటయు, ఈ నిలుపుటయు నిత్యాభ్యాసమైన కొలది గుండె ఒక్కొక్క స్పందనమున అధిక రక్తమును నెట్టగలుగును; విశ్రాంతివేళ తక్కువసార్లు కొట్టుకొనియే దేహమునకు చాలినంత పని చేయును; నాడీమండలము అలజడినుండి త్వరగా తేఱుకొనును. పరీక్షనాడు అరచేతులు చెమర్చు బిడ్డకు ఇంతకంటె కావలసిన విద్య యేది?

గుండెజబ్బు నడివయస్సున వచ్చునదని మనలో పలువురు నమ్మియున్నారు. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున, బొగలూసా పట్టణమందు 1970వ దశకమున బాలబాలికలపై ఆరంభమై దశాబ్దములపాటు సాగిన పరిశీలన, ధమనులలో కొవ్వుచారలు బాల్యముననే పొడసూపునని తెలిపినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషములైనను ఒడలు వేడెక్కునంతటి శ్రమ వలయునని నిర్దేశించినది. (పుట్టుకతో గుండెలోపమున్న పిల్లల విషయమున వైద్యుని మాటయే ప్రమాణము.)

మన యిండ్లలో జరుగుచున్నదేమి? 2009 నాటి విద్యాహక్కు చట్టము బడికి ఆటస్థలము ఉండవలెనని విధించినను, పదవ తరగతి వచ్చుసరికి ఆటల పీరియడును లెక్కల మాస్టారు తీసికొనును. ఇంటర్మీడియట్ హాస్టలులో స్టడీ అవరు ముగిసినచో నిద్రయే మిగులును. ఆడపిల్లల సంగతి మఱింత బాధాకరము: పెద్దమనిషియైన దినముననే వాకిటి తొక్కుడుబిళ్ల గీతలు చెరిగిపోవును. ర్యాంకు కొఱకు తీసికొనిన ఆ గంట చదువునకు లాభమని నేనెంతమాత్రము అంగీకరింపను. అది బిడ్డ గుండెనుండి తెచ్చిన అప్పు.

తల్లిదండ్రులారా, ఈసారి బడికి పోయినపుడు మార్కులతోపాటు టైంటేబులునుగూడ అడిగి చూడుడు. అందులోని ఆటల పీరియడు నిజముగా జరుగుచున్నదో లేదో మీ బిడ్డనే అడుగుడు.