రంగుల గదికి తాళం ఎందుకు?

‘మందులు ఎలాగూ వాడుతున్నారు, బొమ్మలేసుకోవడం కాస్త కాలక్షేపం.’ మానసిక చికిత్స గురించి మాట్లాడేటప్పుడు ఆసుపత్రుల్లోనూ ఇళ్లలోనూ ఈ మాట స్థిరపడిపోయింది. వినడానికి ఉదారంగానే ఉంటుంది. కాలక్షేపమే అయినప్పుడు, డబ్బు చాలకపోతే ముందుగా ఆపేసేదీ దాన్నే. ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని అక్టోబరు 10న రంగు పెన్సిళ్లు పంచి, ఫొటోలు దిగి, మర్నాడు వాటిని బీరువాలో పెట్టి తాళం వేయడం ఈ ఆలోచన ఫలితమే. ఈ ఆలోచన తప్పు. తప్పని చూపించినవాళ్లు ఎనభై ఏళ్ల కిందటే ఉన్నారు.

బ్రెజిల్‌లో నీజి ద సిల్వేరా అనే డాక్టరమ్మ ఉండేవారు. మార్క్సిస్టు పుస్తకాలు దగ్గర పెట్టుకున్నందుకు జైలుకెళ్లి వచ్చిన మనిషి. 1944లో రియో డి జనీరో శివార్లలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో మళ్లీ ఉద్యోగంలో చేరారు. కరెంటు షాకిచ్చే యంత్రం మీట నొక్కమంటే నొక్కనన్నారు. మెదడుకు కోతపెట్టే లొబాటమీకీ ఒప్పుకోలేదు. చివరికి ఎవరికీ పట్టని వృత్తి చికిత్స విభాగం ఆమె చేతికొచ్చింది. అక్కడ చికిత్స పేరుతో రోగుల చేత ఊడ్పించడం, తుడిపించడం జరిగేది. 1946లో ఆమె అక్కడ చిత్రశాల తెరిచారు. అల్మిర్ మవిన్యే అనే యువ చిత్రకారుడు తోడు నిలిచాడు. ఫలానా బొమ్మే వేయమని అక్కడ ఎవరూ ఎవరినీ ఒత్తిడి చేయలేదు.

ఆ గదిలో బొమ్మలు వేసినవాళ్లలో ఫెర్నాండో దినీజ్ ఒకడు. తల్లి కుట్టుపని చేసేది. కలవారి ఇళ్లకు పనికెళ్తూ పిల్లవాణ్ని వెంట తీసుకెళ్లేది. అతని తొలి బొమ్మల్లో వస్తువులన్నీ ఒకదాని మీద ఒకటి కలగాపులగంగా పడి ఉండేవి. తర్వాత ఒక్కో వస్తువునూ విడిగా వేశాడు. నేల వచ్చింది, సామాను వచ్చింది, చిన్నప్పుడు చూసిన పెద్దిళ్ల గదులు కుదురుకున్నాయి. చెదిరిన లోకాన్ని ఒక మనిషి తన చేతులతో తనే సర్దుకున్నాడు. దీన్ని కాలక్షేపం అనడానికి నాకు నోరు రాదు. ఆ చిత్రశాల పనులతో 1952లో మ్యూజియమే వెలిసింది. ఆ బొమ్మలతో 1957లో జ్యూరిక్‌లో జరిగిన ప్రదర్శనను మనోవైద్యుడు కార్ల్ యుంగ్ ప్రారంభించారు.

చదువుకున్నవాళ్లు ఇంకో వాదం తెస్తారు. బ్రిటన్‌లో 417 మంది స్కిజోఫ్రీనియా రోగులతో జరిగిన ‘మాటిస్’ పరిశోధన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. వారానికోసారి బృందంగా చిత్రకళా చికిత్స ఇచ్చినా, రెండేళ్ల తర్వాత మామూలు చికిత్స పొందినవాళ్లకంటే మెరుగుదల కనిపించలేదు. ఈ ఫలితాన్ని దాచక్కర్లేదు. ఆ బృందాలకు హాజరు తక్కువగా ఉందని కూడా ఆ నివేదికే చెప్పింది. అంతకంటే ముఖ్యంగా నా అభ్యంతరం కొలబద్ద మీద. లక్షణాలను అణచడం మందుల పని, ఆ పనికి అవి కావాలి. బొమ్మలేస్తున్నావు కదా, మాత్రలు మానేయమని చెప్పేవాళ్లను నమ్మొద్దు. కానీ లేని గొంతులు వినబడటం తగ్గాక కూడా పగలంతా గోడవైపు తిరిగి పడుకునే మనిషి సంగతేమిటి? వార్డులో ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఏ బట్టలు కట్టాలో అన్నీ ఇతరులే చెప్తారు. కాగితం ముందు కూర్చున్నప్పుడు మాత్రం నీలమా, ఎరుపా అన్నది తనే తేల్చుకోవాలి. ఇది నేను చేశాను అని చూపించుకోవడానికి ఒకటి మిగులుతుంది. లక్షణాల పట్టికలో దానికి గడి లేదు కాబట్టి అది జరగనట్టేనా?

ఇళ్లలోనూ ఇదే తీరు. ‘నాన్నా, ముందు నువ్వు బాగుపడు, బొమ్మల సంగతి తర్వాత చూద్దాం’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ బొమ్మలేయడం బాగుపడటంలో భాగమని ఆ ఇంటివాళ్లకు చెప్పేవాళ్లేరీ? ఒకవేళ వేయనిచ్చినా, నల్లరంగు వాడితే దిగులు పెరిగిందంటూ బొమ్మను రక్తపరీక్ష రిపోర్టులా చదివే తొందర ఒకటి. వేసిన మనిషిని అడిగితే సరిపోయే విషయం అది.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్ ప్రకారం చికిత్సాలయంలో ఉన్నవాళ్లకు విశ్రాంతి, వినోదం, చదువులకు తగిన సౌకర్యాలు హక్కు. బలవంతంగా పని చేయించకూడదు, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. కాబట్టి ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలైనా, ప్రైవేటు ఆసుపత్రి అయినా మనం దయ అడగడం లేదు. వారమంతా తెరిచి ఉండే గది, నెలనెలా జీతమిచ్చి పెట్టుకున్న చిత్రకారుడు, అమ్ముడైన బొమ్మ డబ్బు వేసినవాళ్ల ఖాతాలోకి. ఈ మూడూ వచ్చే ఏడాది బడ్జెట్లోనే చేరాలి.