నెగడు చుట్టూ ‘ఇంకొంచెం’

నిజామాబాద్ నుంచి ఆర్మూర్ వెళ్లే దారిలో అంకాపూర్ దగ్గరకు రాగానే గాలిలో ఒక వాసన తగులుతుంది. నిప్పుల మీద కాలుతున్న మక్క కంకుల వాసన అది. పసుపుకు, ఎర్రజొన్నకు, విత్తనాలకు, నాటుకోడి కూరకు పేరుపొందిన ఈ ఊరికి నిప్పు కొత్త కాదు. పసుపు తవ్వకాల కాలంలో పెద్ద పెద్ద కడాయిల కింద రోజుల తరబడి మంట ఆరకుండా కొమ్ములు ఉడికించిన ఊరిది. ఇప్పుడు ఆవిరి యంత్రాలు వచ్చి ఆ పని తేలికైంది గాని, చలికాలపు సాయంత్రం పెరట్లో నాలుగు తుమ్మ మొద్దులు పేర్చి చుట్టూ కూర్చునే అలవాటు మాత్రం పోలేదు.

ఈ చలికాలంలో మా ఇంట అటువంటి ఒక సాయంత్రం మాకు చిన్న పరీక్షగా మారింది. ఆ అనుభవాన్ని పాఠకులతో పంచుకోవడం ఉపయోగకరమని భావించి ఈ నెల ఈ శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

గల్ఫ్‌లో పనిచేస్తున్న మా తమ్ముడు రెండేళ్ల తరువాత సెలవు మీద వచ్చాడు. ఉన్నది ఇరవై రోజులే. పిల్లలు ఫోన్లో ‘స్మోర్స్’ అనే తీపి వంటకాన్ని చూసి, తెచ్చిపెట్టమని ముందే కోరారట. దారిలో విమానం మారిన చోట, అక్కడి దుకాణంలో అతడు తెల్లటి మెత్తని మార్ష్‌మాలోల పొట్లం ఒకటి కొన్నాడు. ఇషా నమాజు తరువాత నెగడు వెలిగింది. పక్కింటి రైతు కుటుంబం కూడా ఒక బుట్టెడు లేత కంకులతో వచ్చి మాతో కూర్చుంది. పొట్లం విప్పగానే అమ్మీ దానిని చేతిలోకి తీసుకుని, “ఇది దేనితో చేశారు బేటా?” అని అడిగింది. వెనుక అచ్చు వేసిన పదార్థాల వరుసలో ‘జెలటిన్’ అని ఉంది. అది ఏ జంతువుది అన్న మాట లేదు. హలాల్ ముద్ర లేదు. అమ్మీ ఇంకేమీ అనలేదు. పొట్లాన్ని తిరిగి తమ్ముడి చేతిలో పెట్టింది. అతడి ముఖం చిన్నబోయింది.

ఏమి చేయాలి? పిల్లల కోసం అంత దూరం మోసుకొచ్చిన ప్రేమను కాదనలేము. సందేహం ఉన్న పదార్థాన్ని పిల్లల నోట పెట్టనూ లేము. ఇలాంటి ఘడియ ఈనాడు చాలా ఇళ్లలో వస్తున్నది. అందుకే ముందు ఈ వంటకం సంగతి, ఆ తరువాత మేము పట్టిన దారి చెబుతాము.

స్మోర్స్ అమెరికాలో పుట్టిన చలిమంట తీపి. అక్కడి గర్ల్ స్కౌట్స్ సంస్థ 1927లో వెలువరించిన ఒక పుస్తకంలో దీని తయారీ ‘సమ్ మోర్’ అనే పేరుతో కనిపిస్తుంది. ఆ మాటకు ‘ఇంకొంచెం’ అని అర్థం. తిన్నవారు ఇంకొంచెం కావాలని అడుగుతారట, అందుకే ఆ పేరు. పుల్లకు గుచ్చిన మార్ష్‌మాలోను నిప్పు సెగన పట్టి, పైభాగం ఎర్రబడి లోపల కరగగానే, రెండు గోధుమ బిస్కెట్ల నడుమ చాక్లెట్ ముక్కతో కలిపి నొక్కడం, అంతే దాని వంటకం. మార్ష్‌మాలో వేడికి చాక్లెట్ తనంతట తానే కరుగుతుంది.

మార్ష్‌మాలో అన్నది నిజానికి ఒక మొక్క పేరు. యునానీ వైద్యంలో ‘ఖత్మీ’ అనేది ఈ మొక్కనే. జలుబుకు, దగ్గుకు కాచి ఇచ్చే జోషాందాలో మన పెద్దలు దీనిని వాడుతూనే ఉన్నారు. దాని వేరు జిగురును గొంతుకు ఉపశమనంగా ఇచ్చేవారు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని మిఠాయి తయారీదారులు ఆ జిగురును గుడ్డు తెల్లసొనతో, చక్కెరతో గిలకొట్టి నురుగులాంటి మిఠాయి చేశారు. తరువాత పని త్వరగా కావడానికి వేరు స్థానంలో జెలటిన్ వచ్చింది. పేరు మొక్కది, పదార్థం జంతువుది అయింది. ఈ సంగతి చెప్పినప్పుడు మా తమ్ముడి ముఖం కాస్త తేటపడింది. జెలటిన్‌ను పక్కన పెట్టినంత మాత్రాన ఈ తీపి పాడుచేసినట్టు కాదు.

జెలటిన్‌ను జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. పంది నుంచి, పశువుల నుంచి, చేపల నుంచి కూడా తీయవచ్చు. ధర్మసమ్మతంగా జిబహ్ చేసిన పశువు నుంచి గాని, చేప నుంచి గాని తీసినదైతే అభ్యంతరం లేదు. మూలం తెలియనప్పుడే చిక్కు. పదార్థం పూర్తిగా రూపాంతరం చెందితే దాని తీర్పు మారుతుందా అన్న విషయంపై ధర్మవేత్తల మధ్య చర్చ ఉంది. ఆ చర్చను పండితులకే వదిలి, మీకు నమ్మకమైన ఆలిమ్‌ను సంప్రదించండి. మేము సందేహాన్ని వదిలి నిస్సందేహమైన దారిని ఎంచుకున్నాము.

పొట్లం కొనేటప్పుడు మూడు గుర్తులు చూడాలి. మొదటిది, పదార్థాల వరుసలో జెలటిన్ అన్న మాట. కొన్ని చోట్ల అది 428 లేదా 441 అనే సంఖ్యగా కూడా ఉంటుంది. రెండవది, మన దేశంలో అమ్మే ఆహారం మీది రంగు గుర్తు. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి, గోధుమ రంగు త్రికోణం మాంసాహారానికి చిహ్నం. ఆ త్రికోణం జంతు పదార్థం ఉన్నదని మాత్రమే చెబుతుంది, అది హలాల్ అని చెప్పదు. మూడవది, హలాల్ ధ్రువీకరణ ముద్ర, దాని కింద ధ్రువీకరించిన సంస్థ పేరు. ఆకుపచ్చ చుక్క ఉన్న మార్ష్‌మాలోలలో జెలటిన్‌కు బదులు సముద్రపు నాచు నుంచి తీసిన అగర్ (406), క్యారజీనన్ (407) వంటివి వాడతారు.

అగర్ అంటే మన వంటింట్లోని చైనా గ్రాసే. రంజాన్‌లో ఫాలూదాకు, పాల పుడ్డింగ్‌కు వాడేది. మరునాడు మా ఇంట దానితోనే మార్ష్‌మాలో చేశాము. 10 గ్రాముల చైనా గ్రాస్‌ను చిన్న ముక్కలుగా తుంచి అరగంట నానబెట్టి, నీరు పిండివేసి, 200 మిల్లీలీటర్ల నీటిలో పూర్తిగా కరిగే వరకు మరిగించాలి. 300 గ్రాముల చక్కెర వేసి తీగ పాకం వచ్చే వరకు కాచాలి. ఈలోగా రెండు గుడ్ల తెల్లసొనను గట్టి నురుగు అయ్యే వరకు గిలకొట్టాలి. గిలకొడుతూనే వేడి పాకాన్ని సన్నని ధారగా పోయాలి. నెయ్యి రాసిన పళ్లెంలో వెంటనే పరచాలి. ఆలస్యమైతే గిన్నెలోనే గట్టిపడుతుంది. నాలుగు గంటల తరువాత ముక్కలు కోసి, చక్కెర పొడి, మొక్కజొన్న పిండి కలిపి పైన చల్లాలి.

ఒక హెచ్చరిక. దీనిని పుల్లకు గుచ్చి మంటలో పెట్టకండి. అగర్ వేడికి కరిగి జారిపోతుంది. మా మొదటి రెండు ముక్కలు బూడిద పాలయ్యాయి. బిస్కెట్ మీద ముక్కను ఉంచి, నిప్పుల పైన ఇనుప జాలీ మీద కొద్ది క్షణాలు మాత్రమే వెచ్చబెట్టాలి.

అయితే ఆ మొదటి రాత్రి మా చేతిలో చైనా గ్రాస్ లేదు. ఉన్నవాటితోనే సర్దుకున్నాము. ఆ సర్దుబాటులో పుట్టిన వంటకాలే పిల్లలకు ఎక్కువగా నచ్చాయి.

ఖర్జూరం, ఉస్మానియా బిస్కెట్: మెత్తని ఖర్జూరం గింజ తీసి, లోపల వేలెడు కోవా కూరి, ఇనుప సీకుకు గుచ్చి నిప్పులకు కాస్త ఎత్తున తిప్పాలి. నిమిషంలో పైపొర బుడగలెత్తి, తీపి ముదిరి పాకంలా అవుతుంది. చివరి నిజామ్ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరుతో ప్రసిద్ధమైన ఉస్మానియా బిస్కెట్లలో కాస్త ఉప్పదనం ఉంటుంది. రెండు బిస్కెట్ల నడుమ ఈ ఖర్జూరాన్ని, ఒక చాక్లెట్ పలుకును పెట్టి నొక్కితే ఆ ఉప్పదనం తీపిని మొహం మొత్తకుండా కాపాడుతుంది.

చిలగడదుంప: మన ఊళ్లలో మోరంగడ్డ అంటాము. మంట తగ్గి నిప్పులు మిగిలాక, మధ్యరకం గడ్డలను వేడి బూడిదలో పూడ్చి ముప్పావుగంట వదిలివేయాలి. తొక్క నల్లబడినా లోపల తేనెలా ఉంటుంది. నిలువున చీల్చి, తురిమిన బెల్లం, పచ్చి కొబ్బరి, చాక్లెట్ పలుకులు చల్లి చెంచాతో తినాలి.

అరటి దోనె: తొక్క తీయకుండానే పండును ఒక వైపు పొడవుగా చీల్చి, ఆ సందులో చాక్లెట్, పొడిచేసిన పల్లీపట్టి కూరాలి. తడిపిన అరటాకులో చుట్టి నిప్పుల అంచున పది నిమిషాలు ఉంచాలి.

అంకాపూర్ కంకి: పక్కింటి వారు తెచ్చిన లేత కంకిని కాల్చి, వేడిమీదనే వెన్న, తేనె రాసి, నిమ్మచెక్కతో చిటికెడు ఉప్పు, కారం రుద్దాము. ఇది తీపీ కాదు, కారమూ కాదు. తీపి ఎక్కువైన నాలుకకు ఇదే విశ్రాంతి.

ఆ రాత్రి మేము గమనించిన మరొక విషయం ఉంది. పక్కింటి అవ్వ మాంసం, గుడ్డు ముట్టరు. మార్ష్‌మాలో పొట్లం తెరచి ఉంటే, ఆమె కూడా మర్యాదకు చేతిలో పట్టుకుని కూర్చునేవారే తప్ప తినేవారు కాదు. జెలటిన్ మాకు ఒక కారణం చేత, ఆమెకు మరొక కారణం చేత కుదరనిది. ఖర్జూరం, మోరంగడ్డ మాత్రం అందరి పళ్లెంలోకీ వచ్చాయి. అమ్మీ తన చేత్తో గడ్డ చీల్చి అవ్వకు అందించింది. మన హద్దులు మనం పాటించడం పొరుగువారిని దూరం చేస్తుందని కొందరు అనుకుంటారు. ఆ రాత్రి మా పెరట్లో జరిగింది దానికి భిన్నం.

నిప్పు దగ్గర జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ మంటలో వేయకూడదు. తుమ్మ మొద్దులు, గింజలు ఒలిచిన ఎండు మక్క బెండ్లు మేలు. పుల్లల కోసం పెరట్లోని కొమ్మలను విరిచే అలవాటు ప్రమాదకరం. గన్నేరు విషపు చెట్టు, దాని పుల్ల ఆహారానికి తగలరాదు. ఇనుప సీకులు గాని, నానబెట్టిన వెదురు పుల్లలు గాని వాడాలి. దుపట్టా కొంగులు, వదులైన చేతులు ముడిచి కట్టుకోవాలి. చిన్నపిల్లలు నిప్పుకు నాలుగడుగుల దూరాన కూర్చోవాలి. వారికి మెత్తని మిఠాయిని చిన్న చిన్న ముక్కలు చేసి ఇవ్వాలి, లేకుంటే గొంతుకు అడ్డుపడుతుంది. కరిగిన చక్కెర చర్మానికి అంటుకుంటే లోతుగా కాలుతుంది. అలా జరిగితే ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచి, వైద్యునికి చూపాలి. మనది పసుపు పండే సీమే అయినా, కాలిన గాయం మీద పసుపు గాని, టూత్‌పేస్టు గాని పూయకూడదు. నిద్రకు ముందు నిప్పును ఆర్పమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. బూడిద చల్లితే చాలదు. నీళ్లు పోసి, కలియబెట్టి, చేతికి వెచ్చదనం తగలనంత వరకు చూడాలి.

ఇక ఆ పొట్లం సంగతి. దానిని ఎవరూ తప్పుపట్టలేదు, ఎవరూ తినలేదు. తమ్ముడే లేచి దానిని పక్కన పెట్టి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని ఖర్జూరాలు గుచ్చడం మొదలుపెట్టాడు. రెండేళ్లుగా ఫోన్లోనే తండ్రిని చూసిన చిన్నవాడు అతడి ఒడిలో కూర్చుని సీకు పట్టుకున్నాడు. ప్రతి ఖర్జూరం అయిపోగానే “అబ్బా, ఇంకొకటి” అన్నాడు. వాడు అడిగింది ఖర్జూరమేనా అని మాకు తరువాత అనిపించింది.

సెలవు ముగిసి తమ్ముడు వెళ్లిపోయాడు. ఈసారి వచ్చేటప్పుడు పిల్లలకు ఏమి తెమ్మంటారని ఫోన్లో అడిగితే, అమ్మీ ఒకటే చెప్పింది: “ఏమీ వద్దు. పది రోజులు ఎక్కువ సెలవు పెట్టుకుని రా.”

మీ పెరట్లో కూడా ఈ చలికాలం ఒక నెగడు వెలగాలని, దాని చుట్టూ దూరాన ఉన్నవారు దగ్గరవ్వాలని, మన పిల్లలకు హలాల్ రుచి ఇంటి ప్రేమతో కలిసి అందాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. ఆమీన్.