రహదారి విస్తరణ - ప్రయాణ సమయంపై భరోసా

హైదరాబాద్: హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి 2012లో నాలుగు వరుసలుగా అందుబాటులోకి వచ్చిన అనంతరం రెండు నగరాల మధ్య ప్రయాణం సుగమమైనది. అయితే ప్రయాణికులకు కావలసినది వేగం మాత్రమే కాదు. అనుకున్న వేళకు గమ్యం చేరగలమన్న భరోసా కూడా అంతే ముఖ్యం. రహదారుల అభివృద్ధి ఫలితాలను అంచనా వేసేటప్పుడు ఈ రెండింటినీ వేర్వేరుగా పరిశీలించవలసిన ఆవశ్యకత ఉన్నది.

ఉదాహరణకు ఒక మార్గంలో సగటు ప్రయాణ సమయం 5 గంటలు అనుకుందాం. ప్రతి 20 ప్రయాణాలలో 19 ప్రయాణాలు 7 గంటలలోపు ముగుస్తున్నట్లయితే, పరీక్షకో, శస్త్రచికిత్సకో, విమానాశ్రయానికో వెళ్ళేవారు 7 గంటల ముందుగా బయలుదేరక తప్పదు. ఆ అదనపు 2 గంటలు అనిశ్చితికి చెల్లించే మూల్యం. విస్తరణ వలన సగటు 4 గంటలకు తగ్గినా, రెండవ అంకె 7 వద్దనే నిలిచిపోతే వారు ఇల్లు కదిలే వేళలో మార్పు ఉండదు.

వాహనాల సంఖ్య రహదారి సామర్థ్యానికి చేరువైనప్పుడు, మరికొద్ది వాహనాలు చేరినా జాప్యం అనేక రెట్లు పెరుగుతుంది. అదనపు వరుసలు ఈ ఒత్తిడిని తగ్గిస్తాయి. ఒక లారీ చెడిపోయి నిలిచినా మిగిలిన వాహనాలు సాగిపోగలుగుతాయి. కానీ అన్ని జాప్యాలకూ ఇదే పరిష్కారం కాదు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో రుసుము చెల్లింపు వేగవంతమైనప్పటికీ, సంక్రాంతి వేళ పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల వద్ద రద్దీ తప్పడం లేదు. 2023 జూలైలో మున్నేరు వరద ఐతవరం వద్ద రహదారిని ముంచెత్తగా రాకపోకలు నిలిచిపోయాయి. అటువంటి చోట అక్కరకు వచ్చేవి వరుసలు కావు. రోడ్డు ఎత్తు, వరద నీరు పోయే మార్గాలు.

కావున సాధారణ దినాల సగటుతో సరిపెట్టుకొనక, ఏడాది పొడవునా ప్రయాణ సమయాలను నమోదు చేసి, రద్దీ, ప్రమాదాలు, వర్షాలు, పండుగలు, మరమ్మతు పనులు అనే కారణాల వారీగా జాప్యాన్ని విభజించాలి. ప్రతిపాదిత పని వీటిలో దేనిని, ఎంతమేరకు తొలగిస్తుందో పరిశీలించాలి. పనులు సాగే కాలంలో కలిగే ఆటంకాన్ని, విస్తరణ పూర్తయ్యాక కొత్తగా వచ్చే వాహనాలను సైతం లెక్కలోనికి తీసుకోవాలి.

ప్రమాద స్థలానికి క్రేన్, అంబులెన్స్ త్వరగా చేరే ఏర్పాట్లు, గ్రామ కూడళ్ళ వద్ద అండర్‌పాస్‌లు విస్తరణతో పోల్చితే చిన్న పనులుగా కనిపించవచ్చు. కానీ అత్యంత జాప్యం జరిగే దినాలను తగ్గించడంలో వీటి పాత్ర కీలకం. రోగిని ఆసుపత్రికి తరలించే కుటుంబానికి, కూరగాయలను మార్కెట్‌కు తరలించే రైతుకు నిజమైన మేలు కలిగేది అటువంటి దినాలు తగ్గినప్పుడే.