సభలూ – విమానాలూ



సభలంటే మన తెలుగువారికి మొదటినుంచీ మక్కువ. నలుగురు తెలుగువారు చేరినచోట ఒక సంఘమూ, ఆ సంఘానికొక వార్షికోత్సవమూ, ఆ వార్షికోత్సవానికి దూరపు వూరినుంచి ఒక ముఖ్య అతిథీ వుండి తీరవలసిందే. 1975లో హైదరాబాదున మొదటి ప్రపంచ తెలుగు మహాసభ జరిగింది. తరువాత 1981లో కౌలాలంపూరులోను, 1990లో మారిషస్‌లోను, 2012లో తిరుపతిలోను, 2017లో మళ్లీ హైదరాబాదులోను మహాసభలు జరిగినవి. అమెరికాలోని తెలుగు సంఘాలు సరేసరి. అక్కడ తానావారు రెండేండ్లకొకమారు చేసే సభలకు మన దేశంనుంచి కవులు, గాయకులు, నాయకులు విమానమెక్కి పోతూవుంటారు.

ఇప్పుడు ఇంకొక రకపు సభలు కూడ మన ఇండ్లలోకి వచ్చినవి. పాలమూరునుంచి, కరీంనగరంనుంచి, నల్లగొండనుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చి యీ బొంబాయిలో రాళ్లు మోసినవారి, మిల్లులలో నేతనేసినవారి మునిమనుమలు నేడు పెద్ద చదువులు చదివి పరిశోధనలు చేస్తున్నారు. కామాటిపుర గల్లీలలో పుట్టిన పిల్లవాడు పరిశోధన పత్రం చదవడానికి సింగపూరుకో, వియన్నాకో పోతున్నాడంటే చాళు చాళంతా వరండాలోకి వచ్చి సాగనంపుతుంది. ఇది సంతోషించవలసిన విషయమే. మేమును సంతోషించేవారిలోనివారమే.

ఐతే యీ ప్రయాణాలకు టిక్కెట్టు ఖర్చుగాక మరొక ఖర్చున్నది. అది మన జేబులోనుంచి పోదు, ఆకాశంలోకి పోతుంది. దానిని ఇంగ్లీషులో కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటున్నారు. మనము బొగ్గు అడుగుజాడ అనుకొందాము. ఒక పని చేయడంవల్ల యెంత బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరుతుందో ఆ లెక్కకే యీ పేరు.

విమానములో కాలేది ఒక విధమైన కిరోసిన్. ఒక కిలో కిరోసిన్ కాలితే 3 కిలోల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. కిలో తైలంనుంచి మూడు కిలోల వాయువెట్లా వస్తుందని కొందరు అడుగవచ్చును. సోలెడు బియ్యం వండితే అన్నం అంతకు రెండింతలు మూడింతలు తూగుతుంది గదా! ఆ పెరిగిన బరువు నీటిది. అట్లాగే తైలములోని బొగ్గు కాలేటప్పుడు గాలిలోని ప్రాణవాయువును తనలో కలుపుకొంటుంది. ఆ బరువే యిది. ఇట్లా పుట్టిన వాయువులో కొంత భాగం వందల యేండ్లు ఆకాశంలోనే వుండి, దుప్పటి కప్పినట్లు భూమి వేడిని బయటికి పోనీయకుండా పట్టివుంచుతుంది.

బొంబాయినుంచి హైదరాబాదుకు విమానములో ఒక్కరు ఒకవైపు పోతే వారి వంతుకు సుమారు 60 కిలోల వాయువు పడుతుంది. న్యూయార్కుకు పోయి వస్తే టన్నుకు పైమాటే. మన దేశములో సగటున ఒక మనిషి వంటకు, దీపానికి, ప్రయాణానికి, ఫ్యాక్టరీ సరుకులకు అన్నిటికీ కలిపి యేడాదిలో ఖర్చుపెట్టేది సుమారు 2 టన్నులు. అంటే మూడు రోజుల సభకు పోయి వచ్చేసరికి ఆరు నెలల కోటా చెల్లిపోయినదన్నమాట. ముఖ్య అతిథిగారికి మర్యాద కొద్దీ బిజినెస్ తరగతి టిక్కెట్టు కొన్నామా, ఆ కుర్చీ ఆక్రమించే చోటునుబట్టి లెక్క సుమారు మూడింతలవుతుంది.

పండితులు తమ సభల లెక్కను తామే వేసి చూసుకొన్నారు. 2019 డిసెంబరులో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికన్ జియోఫిజికల్ యూనియన్‌వారి సభ జరిగింది. దానికి సుమారు 28,000 మంది హాజరైనారు. వారందరి రాకపోకలూ కలిపితే 28 కోట్ల 50 లక్షల కిలోమీటర్లు. భూమినుంచి సూర్యునికి వున్న దూరానికి దాదాపు రెట్టింపు. పుట్టిన వాయువు 80,000 టన్నులని, అంటే మనిషికి సుమారు 3 టన్నులని 2020లో నేచర్ పత్రికలో అచ్చైనది. భూమి వేడెక్కుతున్నదని లోకానికి చెప్పేవారిలో యీ శాస్త్రజ్ఞులే ముఖ్యులు! ఐతే తమ తప్పును తామే లెక్కగట్టి అచ్చువేసుకొన్నందుకు వారిని మెచ్చుకోవాలి.

ఆ లెక్కలో మనకు పనికివచ్చే సంగతొకటి వున్నది. 8,000 కిలోమీటర్లకు మించిన దూరంనుంచి వచ్చినవారు నూటికి 36 మందే. కాని మొత్తం వాయువులో ముప్పాతికవంతు వారి ప్రయాణాలదే. ఆ దూరపువారు తమ తమ వూళ్లలో తెరమీద పాల్గొనివుంటే భారం నాలుగోవంతుకు దిగేది. అందరూ మానుకోనక్కరలేదు, మిక్కిలి దూరపువారు మానుకొంటే చాలును. సభను దేశం నడుమనున్న షికాగోలో పెట్టినా నూటికి 12 వంతులు తగ్గేదట.

ఇవన్నీ కొత్త తెలివితేటలనుకోనక్కరలేదు. నిజాం రాష్ట్రంలో ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదలై, 1931లో దేవరకొండలో, 1934లో ఖమ్మంలో, 1935లో సిరిసిల్లలో, 1936లో షాద్‌నగరులో, 1937లో నిజామాబాదులో జరిగింది. జనాన్నంతా హైదరాబాదుకు రమ్మనకుండా సభే జనం దగ్గరకు పోయింది. అసలు ప్రయాణమే లేని మహాసభ కూడ మనకున్నది. తెలంగాణములో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించినారు. అందులో 354 మంది కవులు చేరినారు. వారందరినీ ఒక పందిటికిందికి పిలిచి కూర్చోబెట్టవలసివుంటే ఆ రోజులలో సాధ్యమయ్యేదా? పోస్టుకార్డులు, కాగితాలు తిరిగినవి. కవులు ఇండ్లలోనే వున్నారు. నిందకు జవాబు మాత్రం అందింది.

నేడు పోస్టుకార్డు చోట తెర వచ్చింది. 2018లో సంగీత మనశ్శాస్త్ర పండితులు ఒకే సభను ఆస్ట్రియాలోని గ్రాజ్, కెనడాలోని మాంట్రియల్, అర్జెంటీనాలోని లాప్లాటా, ఆస్ట్రేలియాలోని సిడ్నీ — యీ నాలుగుచోట్ల ఒకేసారి నడిపినారు. యెవరికి దగ్గరైన కేంద్రానికి వారు పోయి, తక్కినవారిని తెరమీద చూసినారు. 2020లో కరోనా జబ్బు వచ్చి విమానాలను ఆపినప్పుడు లోకమంతా యీ విద్యను బలవంతాన నేర్చుకొన్నది. మన తెలుగు సాహిత్య సభలు కూడ ఆ యేడు తెరమీదికెక్కినవి. పెద్ద సభల గడప తొక్కని ఇల్లాండ్రు, చేతిలో డబ్బులేని పల్లెటూరి కవులు ఇంట కూర్చొని విన్నారు.

ఇక్కడ ఒక తల్లి మమ్ములను అడుగవచ్చును: “మా వంశములో మొదటిసారి మా అమ్మాయి విమానమెక్కబోతున్నది. దానిని పోవద్దంటారా?” అమ్మా, మేము అట్లా అనము. తెరమీద పత్రం చదువవచ్చును గాని, చదివిన తరువాత టీ త్రాగుతూ పెద్ద ప్రొఫెసరుగారితో మాట్లాడి రేపటి ఉద్యోగం సంపాదించుకోవడం తెరమీద కుదిరే పనికాదు. మన సంఘాల సభలలోనైనా వేదికమీది ఉపన్యాసాలకంటె వెనక వరుసలో కుదిరిన పెండ్లిసంబంధాలే యెక్కువ కాలం నిలిచినవని పెద్దలు నవ్వుతూ అంటూవుంటారు. మనుషులు కలుసుకోవాలి. అందులో సందేహం లేదు.

కాని అందరి ప్రయాణమూ ఒకటి కాదు. 2018లో ప్రపంచ జనాభాలో విమానమెక్కినవారు నూటికి 11 మందే. విమానాలవల్ల పుట్టే వాయువులో సగము నూటికి ఒక్కరి ప్రయాణాలదేనని పరిశోధకులు లెక్కగట్టినారు. మొదటిసారి పోయే అమ్మాయి, యేటా పదిసార్లు పోయే పెద్దమనిషి ఒకే తక్కెడలో తూగరు. తగ్గించుకోవలసినవారు రెండవవారు. వారి పేరు లోకం యెరిగినదే. తెరమీద మాట్లాడినంతమాత్రాన దానికి లోటు రాదు. చిన్నవారికి పోయే అవకాశమూ, పెద్దవారికి ఇంట కూర్చొనే గౌరవమూ — యీ క్రమము మంచిదని మా అభిప్రాయము.

చెట్లు నాటి పాపం కడుక్కొందామనేవారున్నారు. చెట్లు తప్పక నాటవలసిందే. కాని విమానము యీరోజు వదలిన వాయువును మొక్క పీల్చుకోవడానికి యెన్నో యేండ్లు పడుతుంది. ఆ మొక్క బ్రదికివుండాలి గదా! అప్పు ముందు, తీర్చడం దైవాధీనం అన్నట్లుంటుంది.

ఇదంతా చాళులో వుండేవారికెందుకని అనుకోవద్దు. మన కామాటిపుర వున్నది పల్లపు నేల. పూర్వం సముద్రపునీరు ఎక్కివచ్చే చోటు; 1784లో హార్న్‌బీ వెల్లార్డు కట్ట పూర్తయిన తరువాతనే యీ ప్రాంతమంతా మనుషులుండే నేలయింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే నూటికి సుమారు 7 వంతులు అధికంగా తేమను పట్టివుంచుతుంది. కురిసినప్పుడు ఒక్కపెట్టున కురుస్తుంది. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజున 944 మిల్లీమీటర్ల వాన పడినది మనమెవ్వరము మరువలేదు. వాన హెచ్చితే ముందు మునిగేది కింది అంతస్తు ఖోలీ; యెండ హెచ్చితే ముందు కాలేది రేకుల కప్పు. ఆ ఖోలీలలోవారిలో విమానమెక్కనివారే యెక్కువ. ఖర్చు ఒకరిది, చెల్లించేది మరొకరు — మాకు బాధ కలిగించే సంగతి యిదే.

కావున మన సంఘాలవారికి, ఇండ్లవారికి కొన్ని మాటలు మనవిచేస్తున్నాము.

హైదరాబాదునుంచి వచ్చే అతిథికి రైలు టిక్కెట్టు కొనండి. హుసేన్‌సాగర్, దేవగిరి, కోణార్క్ వుండనేవున్నవి. ఒకనాడు యెక్కితే మరునాడు దిగవచ్చును. మన బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపు అన్నీ కరెంటుమీద నడుస్తున్నవి. ఆ కరెంటు బొగ్గునుంచి వచ్చినా, వందలమందిని ఒక్కసారి లాగుతుంది గనుక, విమానంతో పోలిస్తే మనిషి వంతు సగటున పదోవంతుకు లోపే. ఏ.సీ. బెర్తు ఇచ్చి, స్టేషనుకు ఇద్దరు పోయి దండ వేసి తీసుకొనివస్తే మర్యాదకు లోటేమున్నది?

వచ్చిన అతిథిని ఒక్క సభతో పంపవద్దు. హరికథ చెప్పే దాసుగారు ఒకవూరికి వస్తే చుట్టుపక్కల నాలుగూళ్లలో చెప్పిపోయేవారు. షోలాపురంలో, భివండిలో మన తెలుగువారు వేలకొద్దీ వున్నారు. ఆ సంఘాలతో ముందుగా ఉత్తరప్రత్యుత్తరాలు జరిపితే ఒక్క రాకడలో మూడు సభలు జరుగుతవి. ఖర్చు మూడు సంఘాలకు పంచుకోవచ్చును.

అమెరికానుంచి వక్త కావాలంటే తెరమీద పిలవండి. ఐతే వేళ చూసుకోవాలి. వేసవిలో న్యూయార్కులో ఉదయం 9 గంటలైతే మనకు సాయంత్రం 6:30. అది ఇరువురికీ అనుకూలము. తెరను యెవరి ఫోనులో వారు చూసుకోవడం కాక, హాలులో పెద్దది పెట్టి అందరూ కలిసి చూడండి. సభ కళ అప్పుడే వస్తుంది, టీ త్రాగుతూ మాట్లాడుకోవడమూ దక్కుతుంది.

విదేశాలకు పోయే పెద్దలు సభనూ, అక్కడున్న కొడుకునో కూతురినో చూడడాన్నీ ఒక్క ప్రయాణంలో ముడివేసుకోండి. రెండుసార్లు పది రోజులుండేకంటె ఒక్కసారి నెలన్నర వుంటే మనుమలకు నాలుగు తెలుగు మాటలైనా పట్టుబడతవి.

వార్షిక నివేదికలో జమాఖర్చుల కింద ఒక పంక్తి చేర్చండి: యీ యేడు యెన్ని విమాన ప్రయాణాలు, యెన్ని రైలు ప్రయాణాలు అని. వ్రాసిపెట్టిన ఖర్చు దానంతటదే తగ్గుతుందని ఇల్లు నడిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. విమానం మానడంవల్ల మిగిలిన సొమ్మును మన పిల్లలలో మొదటిసారి పత్రం చదవబోయేవారి టిక్కెట్టుకు వినియోగిస్తే ఆ మిగులు సార్థకమవుతుంది.

వచ్చే శీతకాలపు సభలకు కార్యవర్గాలవారు ఇప్పటినుంచే ఆహ్వానాలు వ్రాస్తూవుంటారు. ఆ ఉత్తరాలు పోస్టులో పడకముందే యీ సంగతి ఒక్కమారు ఆలోచించవలసిందని కోరుతున్నాము. మీ మీ అనుభవాలు, అభ్యంతరాలు కూడ మాకు వ్రాయండి. వీలైనన్ని వచ్చే సంచికలో ప్రకటిస్తాము.