బ్రేకు తానే పట్టుకొన్నచో



గతమాసమున ఊరగాయజాడీలను గూర్చి వ్రాసినదానను, ఈ మాసమున కారు బ్రేకులను గూర్చి వ్రాయబూనుట చూచి కొందఱు నవ్వవచ్చును. నవ్వినను సరే, తుదివఱకు చదువుడు. ఇందలి తప్పు నాది. ఆ తప్పు మూలమున మా యింటివారి ప్రాణములు ఒక పూట అపాయమున బడినవి.

ఫాల్గుణమాసమున మా అత్తగారి కంటివైద్యమునకై ఒంగోలు చెంతనున్న మా గ్రామమునుండి గుంటూరునకు మా పాత కారులో బయలుదేరితిమి. మావారు నడుపుచుండిరి. మేదరమెట్ల దాటినపిదప మాడినవాసన తగిలెను. త్రోవప్రక్క కల్లములలో మిరపకాయలు ఆరబోసియుండుటచే అది మిరపఘాటే యనుకొని కొంగు ముక్కున కడ్డము పెట్టుకొంటిని. కొంతసేపటికి మావారు, "పెడలు రాయివలె గట్టిపడినది. కాలు తీసిన వెంటనే బండి నిలిచిపోవుచున్నది" అనిరి. మార్టూరు చేరుసరికి ముందుచక్రములనుండి పొగ వెడలుచుండెను.

అచటి మెకానిక్కు చక్రమువద్దనున్న చిన్న మర నొకదానిని వదులు చేయగా నూనె చివ్వున చిమ్మెను, చక్రము వీడెను. "ఇక భయము లేదు" అనెను. నమ్మి కదలితిమి. చిలకలూరిపేట దాటకమునుపే చక్రములు మరల పట్టుకొన్నవి. నీడను బండి నాపి, చల్లారువఱకు కూర్చుండి, మెల్లమెల్లగా మరియొక మెకానిక్కును చేరితిమి. ఆయన వయోవృద్ధుడు. పనిముట్టు పట్టకమునుపే బ్రేకునూనె డబ్బా మూత తీసి చూచి, "ఈ మధ్య దీనిలో నూనె ఎవరు పోసినారమ్మా?" అని యడిగెను.

మావారు తెలియదనిరి. నా గుండె జల్లుమనెను. నాలుగుదినములక్రిందట, ఆయన బడికి పోయినవేళ, ఆ డబ్బాలో నూనె తగ్గియుండుట చూచి, ఇంట మిగిలియున్న స్టీరింగు నూనెను నేనే పోసియుంటిని. ఎవరికిని చెప్పలేదు. అత్తగారి యెదుట, పరాయివాని యెదుట చెప్పుట యెట్లని ఒక్క నిమిషము తటపటాయించితిని. పిదప చెప్పివేసితిని.

ఆయన కోపపడలేదు. ఒక గాజుసీసాలో నీళ్లు పోసి, డబ్బాలోని నూనె కొంచెము అందులో వేసి కుదిపెను. మేలైన బ్రేకునూనె నీటిలో కలిసిపోవును. మాది పైకి తెట్టువలె తేలెను. "అమ్మ చెప్పకుంటే ముందుచక్రాల సామాను మార్చి పంపేవాణ్ణి. మళ్లీ పట్టేసేది" అనెను.

కర్ణుని రథచక్రము క్రుంగినది యుద్ధరంగమున; అందులకు కారణము ఏనాటిదో పూర్వశాపము. మా చక్రము పట్టినది మార్టూరులో. కారణము మా వాకిట జరిగినది. బ్రేకుల విషయమున నేను నేర్చిన మొదటి పాఠ మిదియే.

ఇక కారణము వినుడు. పెడలు త్రొక్కినపుడు ప్రధాన సిలిండరులోని నూనె గొట్టములగుండ పోయి చక్రములవద్ద ప్యాడ్లను నొక్కును. కాలు తీసినపుడు ఆ యొత్తిడి తీరి నూనె డబ్బాలోనికి మరలుటకు ఒక సన్నని రంధ్రము కలదు. ఖనిజతైలము తగిలినచో లోపలి రబ్బరు ఉబ్బి ఆ రంధ్రమును మూయును. అంతట పట్టు వీడదు. రాపిడివలన వేడి, వేడివలన నూనె పొంగుట, పొంగుటవలన మరింత బిగింపు. తుద కా నూనె మరగి ఆవిరియైనచో పెడలు మెత్తగా నేలకు దిగిపోవును. విడువక పట్టిన బ్రేకే అపుడు అసలు పట్టని బ్రేకగును. డాట్ 3 అను తరగతి నూనె క్రొత్తదిగా నున్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు మరగరాదని నియమము. తేమ పీల్చినపిదప ఆ హద్దు 140 డిగ్రీలే. కావున రెండేండ్ల కొకసారి ఆ నూనె మార్పించుట మేలు.

1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారునకు నాలుగు చక్రములకును ద్రవబ్రేకులు అమర్చిరి. అట్టి తొలినాటి బ్రేకులలో ఆముదమును ఆల్కహాలుతో కలిపి వాడెడివారు. రబ్బరునకు ఆముదము సరిపడును, ఖనిజతైలము సరిపడదు. పులిహోరలో ఆముదము పోయని మనము, బండిలో మాత్రము నూనెలన్నియు ఒకటే యనుకొందుమా?

బ్రేకు పట్టినపుడు విచారింపవలసిన క్రమ మిది. బండి నాపి, చేయి తగిలింపక, ఏ చక్రమువద్ద సెగ హెచ్చో దూరమునుండియే గమనింపుడు. వెనుకచక్రములు మాత్రమే కాగినచో చేతిబ్రేకు తీగె త్రుప్పుపట్టి యుండవచ్చును. ఒకే చక్రము కాగినచో దోషము ప్రాయికముగా అచటనే. చక్రములన్నియు గాని, ముందువి రెండును గాని కాగినచో ప్రధాన సిలిండరును అనుమానింపవలెను. పిదప మెకానిక్కు చక్రమువద్ద మర వదులు చేసినపుడు చక్రము వీడెనా, లోపల ఒత్తిడి నిలిచియున్నదన్నమాట: ప్రధాన సిలిండరో, లోపల ఉబ్బి మూసికొన్న రబ్బరు గొట్టమో కారణము. వీడకున్నచో చక్రమువద్దనే ఇనుపభాగములు త్రుప్పుపట్టి బిగిసినవి. మర వదులు చేయుట పరీక్షయే గాని చికిత్స కాదు. మార్టూరులో మేము పొరబడిన దిచ్చటనే. కాగిన చక్రముపై చన్నీళ్లు గ్రుమ్మరింపకుడు, ఇనుము పగులవచ్చును.

స్కూటరు నడుపు సోదరీమణులు బండిని నడిమి స్టాండుపై నిలిపి, ఇంజను ఆర్పి, చక్రమును చేతితో త్రిప్పి చూడవలెను. బరువుగా తిరిగినచో బ్రేకు తీగెను వదులు చేసి మరల త్రిప్పుడు. అపుడు తేలికయైనచో దోషము తీగెది, కాకున్నచో డ్రమ్ములోపలిది. వానకాలమున మన నల్లరేగడి బురదలో తిరిగిన బండ్లకు ఈ పరీక్ష తఱచు చేయుట మంచిది.

మా కారునకు నూనె తగిలిన రబ్బరు భాగములన్నియు మార్చి, గొట్టములు కడిగించవలసివచ్చెను. మావారి నెలజీతములో మంచిభాగము దానికే పోయెను. డబ్బాలో నూనె తగ్గుటయే ప్యాడ్లు అరిగినవనుటకు గుర్తని కూడ నాడే తెలిసినది. నూనె పోయుటకు మాఱుగా ఆ సంగతి మావారితో ఒక్కమాట చెప్పియున్న సరిపోయెడిది.

ఇంటికి వచ్చిన పిదప అత్తగారు, "అమ్మాయీ, ఆ పెద్దాయన అడిగినప్పుడు నువ్వు నోరు విప్పకపోతే తిరుగుప్రయాణంలో ఏమయ్యేవాళ్లమో" అనిరి. ఆ రాత్రియే ఇంటనున్న నూనెడబ్బాలన్నిటికిని పేర్లు వ్రాసి అంటించితిని. బ్రేకునూనె విషము, పైగా రంగు నూడదీయును. కావున దానిని వంటింటికిని పిల్లలకును దూరముగా పై అలమరలో నుంచితిని. మీ యిండ్లలోను నేడే ఆ పని చేయుదురని నమ్ముచున్నాను.