ఒక్కని చేతిలోనే బంతి

క్రికెట్టులో పరుగులు తీసినవానికి దక్కు కరతాళధ్వనులు బంతి వేసినవానికి దక్కవు. అందుచే ఈ యేడు మన సంచికలో నొక బౌలరును గూర్చి వ్రాయ సంకల్పించితిమి.

సీ. కే. నాయుడుగారి పేరు మన బాలురు వినియే యుందురు. 1932లో లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు నాయకుడాయనయే. ఆయన తమ్ముడు సీ. యెస్. నాయుడుగారి నెఱిగినవారు మాత్రము తక్కువ. నాగపూరున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1914లో జన్మించిన యీయన మణికట్టు త్రిప్పి బంతిని మెలిపెట్టు విద్యలో నారితేరిరి. 1942-43 రంజీ పోటీలలో బరోడా పక్షమున 40 వికెట్లు తీసిరి. ఒక్క సంవత్సరపు పోటీలలో నన్ని వికెట్లు అంతకు ముందెవ్వరును తీసియుండలేదు.

1945 మార్చిలో బొంబాయిలో రంజీ తుదిపోటీ జరిగెను. హోల్కరు జట్టున బంతి వేయుచున్నది తమ్ముడు; జట్టు నాయకుడు అన్న. మొదటి ఇన్నింగ్సులో సుబ్బన్న నాయుడుగారు 64 ఓవర్ల 5 బంతులు వేసిరి. రెండవదానిలో 88 ఓవర్లు! మొత్తము 917 బంతులు, 428 పరుగులు, 11 వికెట్లు. ఫస్టుక్లాసు పోటీ యొక్కదానిలో నింతకంటె నెక్కువ బంతులు వేసినవారు నేటికిని లేరు. ఇంత చేసియు హోల్కరువారు 374 పరుగుల తేడాతో నోడిరి.

ఈ సంఖ్యను ఓర్పునకు నిదర్శనముగా పొగడుట వాడుక. పొగడవలసినదే. కాని బంతిని మరల మరల ఆ చేతికే యిచ్చినవారి ననుసరింపవలెనా యని మా సందేహము. అన్న బంతి చేతికిచ్చినచో తమ్ముడు వలదనునా?

ఆయన భుజము తట్టుకొన్నది. 1961-62 వఱకు నాడి ఫస్టుక్లాసు పోటీలలో 647 వికెట్లు తీసిరి. టెస్టులలో మాత్రము 11 ఆటలకు రెండే వికెట్లు. దీనికి ఆ 917 బంతులే కారణమని మేమనము. ఆ టెస్టులలో కొన్ని యంతకు మునుపే జరిగినవి. అయినను అందఱి భుజములు నట్టివి కావు.

జపానుదేశమున బేసుబాలు ఆటలో బంతి విసరువానిని పిచ్చరందురు. 1934లో సవామురా ఏజీ యను 17 ఏండ్ల పిచ్చరు, బేబ్ రూతుతో గూడ నలుగురు అమెరికా ప్రసిద్ధులను వరుసగా నౌటు చేసెను. తరువాత సైన్యమున చేతిబాంబులు విసరి భుజము చెడగొట్టుకొనెను. 1944లో యుద్ధమున నౌక మునిగి మరణించెను. ఆ దేశపు ఉన్నత పాఠశాలల పోటీలలో పిచ్చరొక్కడే దినదినము విసరుట ఘనతగా నెంచబడెడిది. అట్టివారే 2020 నుండి వారమునకు 500 బంతులు మించరాదని నియమము పెట్టుకొనిరి.

ఇక మన సంగతి. జగ్గయ్యపేట బాలురును నందిగామ బాలురును ఆడునప్పుడు చూడుడు. జట్టున గట్టివాడొక్కడుండును. ఒక కొననుండి ఉదయము మొదలు వాడే వేయును. గట్టుమీది పెద్దలు "వానికే యిమ్ము" అని కేకలు వేయుదురు. రాత్రి తల్లి వేడినీళ్ళ కాపడము పెట్టును. నొప్పియన్నచో పిరికివాడందురని వాడు మఱునాడు నోరెత్తడు.

పదునాలుగేండ్లు నిండని బాలునిచే దినమునకు పది ఓవర్లకు మించి వేయింపరాదని మా యభిప్రాయము. "అట్లయిన నోడెదము" అని పిల్లలందురు. ఓడవచ్చును. రెండవ బౌలరెవ్వడో అప్పుడే తెలియును. స్కోరు వ్రాయు బాలుడు ఓవర్ల లెక్క వ్రాయుచునే యున్నాడు. ఆ పుస్తకమును ఆట నడుమ నొకసారి చూడుడని తోడి యుపాధ్యాయులకు మా మనవి.